పాదం చూసినవారిదే సంతకం

కర్నూలు, కడప సీమలో నేల పాదాన్ని ఊరికే వదలదు. ఆలూరు, పత్తికొండ వైపు చేనిగట్ల మీద పల్లేరుకాయలు, వంకల పొడవునా సర్కారు తుమ్మ ముళ్లు, ఎండాకాలం నెర్రెలిచ్చిన నల్లరేగడి. యర్రగుంట్ల, జమ్మలమడుగు దిక్కున ఇళ్ల ముందు పరిచిన బండలు మధ్యాహ్నానికి కాలు మోపనివ్వవు. స్పర్శ ఉన్న మనిషి ముల్లు దిగగానే ఆగుతాడు, బండ చురుక్కుమనగానే అడుగు వెనక్కి తీస్తాడు. ఏళ్ల తరబడి షుగరు ఉండి అరికాళ్లు మొద్దుబారిన మనిషికి ఆ కబురు అందదు. ముల్లు లోపలే విరిగి ఉంటుంది, బొబ్బ పగిలి ఉంటుంది, సాయంత్రం గడపలో తడి మరక చూసి ఇంట్లోవాళ్లు చెబితే గానీ తెలియదు. ఆ చిన్న పుండుకు పసుపో, మందుల షాపు పూతమందో రాసి పనికి పోతారు. చీము పట్టి, వేలు నల్లబడి, జ్వరం వచ్చాక కర్నూలు పెద్దాసుపత్రికి చేరేసరికి వేలు తీయాలా, పాదం తీయాలా, మోకాలి కిందికి తీయాలా అన్న ప్రశ్నే మిగులుతుంది. మధుమేహుల్లో కాలు తొలగింపు దాకా వచ్చిన కేసుల్లో నూటికి ఎనభైకి పైగా ఇలాంటి పుండుతోనే మొదలయ్యాయని పరిశోధకులు 1990 నాటికే లెక్క తేల్చారు. మధుమేహం ఉన్నవారిలో జీవితకాలంలో పాదపుండు వచ్చే అవకాశం నూటికి 19 నుంచి 34 అని ఇటీవలి అంచనా. ఐసీఎంఆర్-ఇండియాబ్ అధ్యయనం 2023లో దేశంలో 10 కోట్ల మందికి పైగా మధుమేహులున్నారని చెప్పింది. ఈ రెండు అంకెల్నీ పక్కపక్కన పెట్టి చూస్తే ప్రమాదంలో ఉన్న పాదాలెన్నో ఊహించుకోవచ్చు.

ఆ పుండును చాలామందిలో రాకుండా చూడగల వస్తువు ఒకటుంది. అది కొత్తదీ కాదు, అందనంత ఖరీదుదీ కాదు. ఎంసీఆర్ చెప్పు, అంటే మైక్రో సెల్యులర్ రబ్బరు పరిచిన చెప్పు. వెల్లూరు క్రైస్తవ వైద్య కళాశాలలోనూ, దాని దగ్గరి కరిగిరి కుష్ఠు కేంద్రంలోనూ డాక్టర్ పాల్ బ్రాండ్, ఆయన సహచరులు గత శతాబ్దం మధ్యలో చేసిన కృషి దీని వెనక ఉంది. కుష్ఠు వచ్చినవారి వేళ్లు, పాదాలు అరిగిపోయేది మాంసం కుళ్లే గుణం ఆ రోగంలో ఉండి కాదనీ, నొప్పి తెలియక ఒకే చోట మళ్లీ మళ్లీ ఒత్తిడి పడటం వల్లనేననీ బ్రాండ్ చూపించారు. నొప్పి చేసే కాపలా పని చెప్పు చేయాలి. అందుకే లోపలి అట్ట మెత్తగా ఉంటుంది, ముల్లు దిగకుండా అడుగుభాగం గట్టిగా ఉంటుంది, మడమ వెనక పట్టీ ఉంటుంది, ఎక్కడా మేకు ఉండదు. మామూలు హవాయి చెప్పు స్పర్శలేని కాలి నుంచి జారిపోయినా మనిషికి తెలియదు, దాని పట్టీ వేళ్ల సందున ఒరుసుకున్నా తెలియదు. మధుమేహంతో నరాలు దెబ్బతిన్న పాదానికీ కుష్ఠు పాదానికీ కారణాలు వేరైనా గాయం పుట్టే తీరు చాలావరకు ఒకటే. చెన్నై రాయపురంలోని ఎం.వి. మధుమేహ ఆసుపత్రికి చెందిన విజయ్ విశ్వనాథన్ బృందం 2004లో ప్రచురించిన అధ్యయనంలో, ఎంసీఆర్ వంటి మెత్తని అట్టలున్న చెప్పులు తొడిగినవారికంటే మామూలు చెప్పులతో నడిచినవారిలో కొత్త పుండ్లు ఎన్నో రెట్లు ఎక్కువ కనిపించాయి.

మరి ఈ చెప్పుకు డబ్బెవరిస్తారు? కుష్ఠు సోకి పాదాల్లో స్పర్శ పోయినవారికి జాతీయ కుష్ఠు నిర్మూలన కార్యక్రమం ఉచితంగా ఇస్తుంది. అదే పాదం షుగరు వల్ల మొద్దుబారితే జేబులోంచి కొనుక్కోవాలి. ప్రైవేటు ఆరోగ్య బీమా ఉన్నవారికీ ఆసరా లేదు. హైదరాబాదులో ప్రధాన కార్యాలయం ఉన్న బీమా నియంత్రణ సంస్థ ఐఆర్‌డీఏఐ, పాలసీలో చెల్లించనక్కరలేని వస్తువులంటూ ఇచ్చిన జాబితాలో పిల్లల డబ్బా ఆహారం, సౌందర్య సేవల సరసన మధుమేహుల పాదరక్షల్నీ చేర్చింది. 2007లో ఆరోగ్యశ్రీగా మొదలై నేడు ఎన్టీఆర్ వైద్యసేవగా నడుస్తున్న ప్రభుత్వ పథకం పుట్టుక నుంచీ ఆసుపత్రిలో చేరాక జరిగే చికిత్సల చుట్టూ అల్లుకున్నదే. కుళ్లిన వేలు తీసేందుకు పథకం డబ్బు కడుతుంది. మోకాలి కింద కాలు పోతే దివ్యాంగుల పింఛను కింద 2024 జూలై నుంచి నెలకు 6,000 రూపాయలు వస్తాయి, ఏడాదికి 72,000. ఆ పింఛను న్యాయమైనది, కాలు పోయిన కూలిమనిషికి అది లేకపోతే అన్నం లేదు. కానీ వందల్లో మొదలై రెండు మూడు వేల లోపే దొరికే చెప్పుకు డబ్బు లేదని, ఏటా డెబ్బై రెండు వేలు ఇవ్వాల్సిన స్థితి వచ్చేదాకా ఆగడం ఏ ఖజానాకూ లాభం కాదు. మనిషికి కలిగే నష్టాన్ని ఇక లెక్కగట్టనక్కరే లేదు.

కాబట్టి చెప్పును ప్రభుత్వ ఆరోగ్య బీమాలో చేర్చాలి. ఈ మాట చెప్పడం తేలిక, ఒప్పించడమూ అంత కష్టం కాదు. అసలు చిక్కు తర్వాతి వాక్యంలో ఉంటుంది: ఎవరు సంతకం పెడితే చెప్పు వస్తుంది? పథకం రాసే అధికారి చేయి అలవాటుగా ‘నిపుణుడైన వైద్యుడి ధ్రువీకరణతో’ అని రాసేస్తుంది. ఆ ఒక్క పంక్తితో పథకం కోసిగిలోనో, చాగలమర్రిలోనో, వేంపల్లెలోనో ఉన్న పాదాన్ని చేరకుండా ఆగిపోతుంది. ఆ పంక్తిని మార్చాలన్నదే ఈ వ్యాసం వాదన.

ఈ పొరపాటు ఎలా ఉంటుందో చూడటానికి అమెరికా ఉంది. అక్కడి వృద్ధుల బీమా మెడికేర్ 1993 నుంచి మధుమేహులకు ఏడాదికి ఒక జత ప్రత్యేక బూట్లు, వాటితోపాటు మూడు జతల లోపలి అట్టలు ఇస్తోంది. అర్హత నిబంధన చక్కగా ఉంది. గతంలో వేలో పాదమో తీసేసి ఉండాలి, లేదా పుండు వచ్చి మాని ఉండాలి, పుండుకు దారితీసే ఆనెకాయ ఉండాలి, నరాలు మొద్దుబారి ఆనె కట్టి ఉండాలి, పాదం ఆకారం వంకరపోయి ఉండాలి, రక్తప్రసరణ తగ్గి ఉండాలి. వీటిలో ఒక్కటి ఉన్నా చాలు. అయితే ఇవి ఉన్నాయని ధ్రువీకరించేది ఆ మనిషి మధుమేహానికి వైద్యం చేస్తున్న ఎం.డి. లేదా డి.ఓ. పట్టా ఉన్న వైద్యుడే కావాలి. పాదాల వైద్యంలోనే చదువంతా చదివిన పోడియాట్రిస్టు బూట్లు రాయవచ్చు గానీ ధ్రువీకరించడానికి వీల్లేదు. పల్లె ప్రాంతాల్లో ఏళ్లుగా షుగరు మందులు రాస్తూ, రోగి పాదాలు ప్రతిసారీ చూసే నర్స్ ప్రాక్టీషనర్ సంతకమూ చెల్లదు. ఇన్సులిన్ మోతాదు మార్చే అధికారం ఉన్న చేతికి బూటుకు సరేననే అధికారం లేదు. దీన్ని మార్చాలని కోరే బిల్లును అక్కడి కాంగ్రెస్‌లో మళ్లీ మళ్లీ ప్రవేశపెడుతూనే ఉన్నారు. ఇంటివద్ద వైద్యసేవలకు ధ్రువీకరణ ఇచ్చే అధికారం 2020 కోవిడ్ చట్టంతో నర్స్ ప్రాక్టీషనర్లకు దక్కింది, బూట్ల దగ్గర మాత్రం పాత గీతే. మనం ఇంకా నిబంధన రాయనే లేదు. రాయకముందే ఇతరుల ముప్పై ఏళ్ల ఇబ్బంది కళ్లముందుంది.

వైద్యుడి సంతకం ఇక్కడ దేనికోసం అన్నది నిదానంగా ఆలోచించాలి. ఎంసీఆర్ చెప్పు మందు కాదు. దుకాణానికి పోయి డబ్బిస్తే ఎవరికైనా అమ్ముతారు, చీటీ అడగరు. అంటే చీటీ లేకుండా తొడిగితే ప్రాణానికి ముప్పు అన్న భయం చట్టానికి లేదు. ప్రభుత్వం డబ్బు కట్టేటప్పుడు మాత్రమే సంతకం కావలసి వస్తోంది. అది కాపాడేది ఖజానాను. ఖజానాను కాపాడటం తప్పేమీ కాదు, మంచి పనే. అలాంటప్పుడు అడగాల్సింది: ఈ మనిషికి షుగరు ఉందా, పాదం ప్రమాదంలో ఉందా? ఈ రెంటికీ నమ్మకమైన జవాబు ఎవరి దగ్గర ఉంది? మొదటిదానికి జవాబు ఇంటింటి సర్వేల్లో, గ్రామ క్లినిక్ రికార్డుల్లో, నెలనెలా మాత్రలు తీసుకునే జాబితాలో ఇప్పటికే ఉంది. రెండోదానికి చెప్పులు విప్పించి, అరికాలు తిప్పి, వేళ్ల సందులు విడదీసి చూసినవారి దగ్గరే జవాబు ఉంటుంది. వందమంది వరసలో ఉన్న ఓపీలో కూర్చున్న వైద్యుడికి ఆ తీరిక ఎక్కడిది? ఎవరో చూసి రాసిన కాగితం మీద ఆయన సంతకం పెడతాడు. పాదాన్ని చూడని చేతి సంతకం ఖజానానూ కాపాడదు, పాదాన్నీ కాపాడదు.

పాదం చూడటం నర్సింగ్ చదివిన మనిషికి కొత్త విద్య కాదు. 10 గ్రాముల బలానికి వంగే నైలాన్ తీగ, మోనోఫిలమెంట్, అరికాలి మీద ఆనించి తగిలిందా అని అడగడం గంటలో నేర్వగల పరీక్ష. ఆ తీగ కూడా లేకపోతే ఇంగ్లండ్‌లోని ఇప్స్‌విచ్ ఆసుపత్రి వైద్యులు 2011లో చెప్పిన పద్ధతి ఉంది: కళ్లు మూసుకోమని చెప్పి రెండు పాదాల్లో బొటనవేలు, మధ్యవేలు, చిటికెనవేలు కొసల్ని చూపుడు వేలితో ఒకటి రెండు క్షణాలు తాకడం. ఆరు చోట్లలో రెండు లేదా అంతకు మించి తెలియకపోతే ఆ పాదం ప్రమాదంలో ఉన్నట్టే. ఆంధ్రప్రదేశ్‌లో గ్రామ క్లినిక్కులు పదివేలకు పైగా ఉన్నాయి. ఒక్కోదానిలో బీఎస్సీ నర్సింగ్ చదివిన మధ్యస్థాయి ఆరోగ్య సేవకులు, అందరూ ఎంఎల్‌హెచ్‌పీ అని పిలిచేవారు, ఏఎన్‌ఎం, ఆశా కార్యకర్తలతో కలిసి పనిచేస్తున్నారు. ఆశా కార్యకర్తలు ముప్పై దాటినవారి కోసం నింపే సీబ్యాక్ పత్రంలో అరికాళ్లలో మళ్లీ మళ్లీ తిమ్మిరి ఉందా, అరికాలికి మళ్లీ మళ్లీ పుండు వస్తోందా అన్న ప్రశ్నలు ముందునుంచే ఉన్నాయి. వాటిని కుష్ఠు అనుమానం కోసం పెట్టారు. షుగరున్న మనిషి ‘అవును’ అంటే ఆ జవాబు వెంట ఏ చెప్పూ రాదు, అంతే.

కుష్ఠు ఉదాహరణ ఇక్కడ మనకు అన్నిటికంటే గట్టి ఆధారం. పల్లెల్లో కుష్ఠు పని మోసింది పారామెడికల్ సిబ్బంది. మచ్చ మీద స్పర్శ చూసేది, కండరాల బలం చూసేది, పాదం కొలత కాగితం మీద గీసుకునేది, ఎవరికి ఎంసీఆర్ చెప్పు కావాలో జాబితా కట్టేది వాళ్లే. వైద్యులు వాళ్ల వెనక ఉన్నారు, చిక్కు కేసులు చూశారు. దశాబ్దాలుగా నడుస్తున్న ఈ పద్ధతి మీద పారామెడికల్ సిబ్బంది చెప్పులు అడ్డగోలుగా పంచిపెట్టారన్న ఫిర్యాదు పెద్దగా వినిపించలేదు. ఒకే మండలంలో, ఒకే తరహా పాదానికి, ఒకే చెప్పుకు, రోగం పేరు మారగానే నిపుణుడి సంతకం కావాలనడానికి వైద్యపరమైన కారణం కనిపించదు.

దీనికి వచ్చే అభ్యంతరాల్లో ఒకటి చాలా బలమైనది, దాన్ని తేలిగ్గా దాటకూడదు. మధుమేహంలో నరాలు దెబ్బతినడంతోపాటు కాలికి పోయే రక్తనాళాలు పూడుకుపోవచ్చు. అలాంటి పాదానికి కావలసింది రక్తనాళాల వైద్యం. గ్రామ క్లినిక్‌లో చెప్పు చేతికిచ్చి ‘ఇక ఫర్వాలేదు’ అని పంపిస్తే, రోగి ఆ నమ్మకంతోనే ఆర్నెల్లు గడిపి కాలు పోగొట్టుకోవచ్చు. పుండు పచ్చిగా ఉన్న పాదానికీ అంతే, నివారణ చెప్పు చికిత్స చెప్పు కాదు. ఈ భయం నిజం. అయితే దీనికి మందు సంతకాన్ని కర్నూలుకు తరలించడం కాదు, సంతకంతోపాటే బాధ్యత రాయడం. పాదం పైన, మడమ లోపలివైపు నాడి చేతికి అందకపోయినా, వేలు నల్లబడినా, పుండు తెరుచుకుని ఉన్నా, పాదం ఉన్నట్టుండి వాచి వెచ్చబడినా చెప్పు అనుమతి ఆగాలి, పైఆసుపత్రికి పంపే చీటీ ముందు పడాలి. నాడి చూడటం నర్సుకు రాని పని కాదు. ఇంకో సంగతి, ఈ పరీక్ష అందుబాటులో లేనందువల్లనే రక్తనాళాల జబ్బు ఇవాళ పల్లెల్లో దాగి ఉంటోంది. చెప్పు కోసం వచ్చిన వంకతోనైనా ఏడాదికోసారి ప్రతి మధుమేహి పాదాన్ని ఒకరు చేత్తో తాకి చూస్తే, వైద్యుడి దగ్గరకు చేరాల్సిన కేసులు పెరుగుతాయే తప్ప తగ్గవు. నాగ్‌పుర్ వైద్యుడు శరద్ పెండ్సే, మరికొందరు రెండు దశాబ్దాల కిందట మొదలుపెట్టిన ‘స్టెప్ బై స్టెప్’ శిక్షణలో వైద్యుడినీ నర్సునూ జంటగా పిలిచింది ఇందుకే. చూసే చేయి, కోసే చేయి రెండూ ఒకే గొలుసులో ఉండాలి.

వైద్యుడే ఊరికి వస్తున్నాడు కదా అని కొందరంటారు. 2023 ఏప్రిల్‌లో మొదలైన ఫ్యామిలీ డాక్టర్ విధానం ప్రకారం పీహెచ్‌సీ వైద్యుడు నెలకు రెండుసార్లు గ్రామ క్లినిక్‌కు రావాలి. మంచి ఆలోచన అది. ఆ రెండు రోజుల్లో ఎందరి పాదాలు విప్పించి చూడగలడు? పైగా ఆదోని డివిజన్ పల్లెల నుంచి ఏటా కుటుంబాలకు కుటుంబాలే సుగ్గికి, గుంటూరు మిరపతోటలకు వలస పోతాయి. వైద్యుడు వచ్చిన రోజున ఆ మనిషి ఊళ్లో ఉండడు. ఆ పల్లెల నుంచి వంద కిలోమీటర్ల దూరంలో ఉన్న కర్నూలుకు పోవాలంటే ఒక రోజు కూలి, బస్సు చార్జీలు, తోడు వచ్చేవారి కూలి కూడా పోతాయి. చెప్పు ఖరీదులో సగం దాన్ని ఉచితంగా తెచ్చుకోవడానికే ఖర్చయిపోతుంది. ఎంఎల్‌హెచ్‌పీ అయితే రోజూ అక్కడే ఉంటారు, వలస పోయే ముందు రోజు సాయంత్రం కూడా.

అసలు చెప్పులు పనిచేస్తాయా అన్న అనుమానానికీ ఆధారం లేకపోలేదు. ఇటలీలో 1995లో వచ్చిన అధ్యయనంలో, ఒకసారి పుండు మానినవారిలో మామూలు బూట్లు వేసుకున్నవారికి ఏడాదిలో నూటికి 58 మందికి పుండు తిరగబెడితే, ప్రత్యేక బూట్లవారిలో అది 28 మందికే పరిమితమైంది. కానీ 2002లో అమెరికాలో 400 మందిపై రెండేళ్లు నడిచిన పెద్ద పరీక్షలో, పాదం ఆకారం అంతగా చెడనివారికి చెప్పుకోదగ్గ తేడా కనబడలేదు. నా దృష్టిలో ఈ రెండూ ఒకదాన్నొకటి కొట్టేసుకోవు. మొదటిది ఎవరికి ఇవ్వాలో చెబుతోంది, రెండోది ఎవరికి ఇచ్చినా దండగో చెబుతోంది. షుగరున్న ప్రతి ఒక్కరికీ చెప్పు పంచే పథకాన్ని నేను సమర్థించను. ఎన్నికల ముందు అలాంటిది ఎవరైనా ప్రకటిస్తే అది డబ్బు వృథా. స్పర్శ పోయి ఆనె కట్టినవారికి, వేళ్లు వంకరపోయినవారికి, పుండు మానినవారికి, వేలు తీసేసినవారికి మాత్రం తప్పక ఇవ్వాలి. ఈ విభజన చేయాలన్నా పాదాన్ని చూసే మనిషే కావాలి.

వేసుకుంటేనే చెప్పు. నెదర్లాండ్స్‌లో 2013లో వెలువడిన అధ్యయనంలో, రోజులో నడిచే అడుగుల్లో నూటికి ఎనభై పాళ్లు ఆ బూట్లతోనే నడిచినవారిలోనే మేలు స్పష్టంగా కనిపించింది. మన ఇళ్లలో చెప్పు గడప బయటే ఆగిపోతుంది. వంటింట్లో, పెరట్లో, గుడిలో, దర్గాలో వట్టికాళ్లే. ఉగాదికి శ్రీశైలం నడిచే భక్తులూ, మండలదీక్ష పట్టినవారూ వట్టికాళ్లతో మైళ్లు నడుస్తారు. భక్తిని కాదనేవాళ్లెవరూ లేరు, మొద్దుబారిన పాదానికి ఆ దారి ఎంత ప్రమాదమో మెత్తగా చెప్పేవాళ్లు కావాలి. ఇంట్లో వేసుకోవడానికి విడిగా ఇంకో జత ఇవ్వాలి. ఇంటి లోపలా వట్టికాళ్లతో తిరగొద్దని అంతర్జాతీయ మార్గదర్శకాలు కూడా చెబుతున్నాయి. ఈ మాట పట్నంలో అరగంట చూసిన వైద్యుడు చెబితే తలూపి వస్తారు, వారానికోసారి ఇంటి ముందుకు వచ్చే ఆశమ్మ చెబితే ఆలోచిస్తారు. ఇంకో అడ్డంకీ ఉంది, కుష్ఠువారి చెప్పు అన్న ముద్ర. ఒకే నమూనా, ఒకే రంగు పంచితే దాన్ని చూరులో దాచేస్తారు. రంగులు, నమూనాలు మారాలి. లిడ్‌క్యాప్ లాంటి తోలు పరిశ్రమల ప్రభుత్వ సంస్థ ఉన్న రాష్ట్రంలో, తరాలుగా తోలుపని చేస్తున్న కుటుంబాలకు శిక్షణ ఇచ్చి ఆదోనిలోనో ప్రొద్దుటూరులోనో కొలత ప్రకారం కుట్టించడం అసాధ్యమేమీ కాదు. రబ్బరు మెత్తదనం షోర్ కొలతలో 15 నుంచి 20 మధ్య ఉందో లేదో ప్రతి సరుకుకూ పరీక్ష పెట్టాలి, లేకుంటే పేరుకు ఎంసీఆర్, లోపల మామూలు స్పాంజి వస్తుంది.

కమీషన్ల మాటేమిటి? అనుమతించే చేతులు పెరిగితే తప్పుడు బిల్లులు పెరుగుతాయన్న భయం న్యాయమైనదే. వైద్యుల సంతకాలతో నడిచిన పథకాల్లో తప్పుడు బిల్లులు రాలేదని మాత్రం ఎవరూ అనలేరు. ధర ముందే ఖరారు చేసి, అనుమతించేవారికీ అమ్మేవారికీ డబ్బు సంబంధం లేకుండా చేసి, రెండు పాదాల ఫొటో, ఆరు వేళ్ల పరీక్ష ఫలితం నమోదు చేయనిదే అనుమతి పడకుండా చూస్తే, తనిఖీకి ఇప్పుడున్నదానికంటే మెరుగైన ఆధారం దొరుకుతుంది. ఒక గ్రామం నుంచి ఉన్నట్టుండి అనుమతులు ఎక్కువైతే పీహెచ్‌సీ వైద్యుడు పోయి పాదాలు చూడవచ్చు. వైద్యుడి నైపుణ్యానికి తగిన చోటు అది. నర్సులకు అధికారమిస్తే వైద్యం పలచబడుతుందనే వైద్య సంఘాల ఆందోళనకు కూడా ఇక్కడ చోటు తక్కువ. 2019 జాతీయ వైద్య కమిషన్ చట్టం 32వ సెక్షన్, ప్రాథమిక వైద్యంలో పరిమిత మందులు రాసే వీలును సామాజిక ఆరోగ్య సేవకులకు కల్పించింది. మందు విషయంలోనే చట్టం అంత దూరం వెళ్లినప్పుడు చెప్పు దగ్గర ఆగడంలో అర్థం లేదు. ఎంఎల్‌హెచ్‌పీలతోపాటు ఫిజియోథెరపిస్టులకు, కుష్ఠు విభాగం పారామెడికల్ అధికారులకు కూడా ఈ అధికారం ఉండాలి.

దీనికి ఇది తగిన సమయం. 2025 సెప్టెంబరులో రాష్ట్ర మంత్రివర్గం ఆమోదించిన సార్వత్రిక ఆరోగ్య విధానం ప్రకారం ఏటా రెండున్నర లక్షల దాకా ఖర్చును బీమా కంపెనీలు, ఆపైన పాతిక లక్షల దాకా ఎన్టీఆర్ వైద్యసేవ ట్రస్టు భరించాలి. బీమా కంపెనీ ఒప్పందంలో లేనిదాన్ని తర్వాత అడిగితే ఇవ్వదు, ఐఆర్‌డీఏఐ జాబితా చూపిస్తుంది. అందుకే పాదరక్ష, పాదపరీక్ష రెండూ ఒప్పందంలోనే ఉండాలి, అనుమతించేవారి వరసలో గ్రామ క్లినిక్ పేరు ఉండాలి. కంపెనీలు ఒప్పుకోకపోతే ట్రస్టే నేరుగా కట్టాలి, శస్త్రచికిత్సల ఖర్చుతో పోలిస్తే ఇది చిన్న మొత్తం. అందరికీ ఒకేసారి కుదరదంటే ఎవరితో మొదలుపెట్టాలో వెతుక్కోనక్కరలేదు. ఒక వేలు పోయినవారికే రెండో వేలు, రెండో పాదం పోయే ప్రమాదం అందరికంటే ఎక్కువ. పుండు మానినవారిలో నూటికి నలభై మందికి ఏడాదిలోపే అది తిరగబెడుతుంది. కర్నూలు, నంద్యాల, కడప జిల్లాల్లో షుగరు పుండుకు శస్త్రచికిత్స చేయించుకున్న ప్రతి మనిషి పేరు, ఊరు, ఏ కాలు, ఏ తేదీ అన్నవి వైద్యసేవ ట్రస్టు క్లెయిముల్లో ఇప్పటికే ఉన్నాయి. ఆ జాబితాను ఊళ్లవారీగా విడదీసి ఆయా గ్రామ క్లినిక్కుల ఎంఎల్‌హెచ్‌పీలకు పంపి, మీరు చూసి సంతకం పెట్టండి, చెప్పు వస్తుంది అని ఒక ఉత్తర్వు ఇస్తే వచ్చే ఎండాకాలం లోపే పని మొదలవుతుంది.